పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటలు

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లిస్బన్‌కు టికెట్టు కొన్న రాత్రి దాన్ని వాట్సాప్‌లో ఇంటికి పంపాను. అమ్మ బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంది. నాన్న మాత్రం విజయవాడలో తెల్లవారగానే కళ్ళజోడు పెట్టుకొని చూసి, నాకు ఇక్కడ తెల్లవారేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఫోను చేశారు.

"ఇందులో ఏదో అచ్చు తప్పు పడిందిరా," అన్నారు. "పోయే బండి 13.50కి బయలుదేరి 15.55కి చేరుతుంది. రెండు గంటల అయిదు నిమిషాలు. తిరుగు బండి 17.05కి బయలుదేరి 21.00కి చేరుతుంది. నాలుగు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. దారి ఒకటే, బండి ఒకటే. పోవడం పల్లానికి, రావడం మెరకకూనా?"

విమానాన్ని కూడా బండి అనడం ఆయన అలవాటు. ముప్పై ఏళ్ళకు పైగా స్టేషను మాస్టరుగా చేసిన మనిషి. పెళ్ళి ముహూర్తమైనా సరే, అనుకున్న వేళకు జరిగితే "రైట్ టైం" అంటారు.

లిస్బన్ గడియారం మాకంటే గంట వెనక ఉంటుందని చెప్పబోయాను. మధ్యలోనే ఆపేశారు. "ఆ మాత్రం లెక్క వేశానులే. పోయేదానికి గంట కలిపి, వచ్చేదానికి గంట తీసేస్తే 3.05, 2.55. ఇంకా పది నిమిషాల తేడా మిగిలింది. అది ఎక్కడిది?"

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళుగా ఐరోపాలో తిరుగుతున్నాను. టికెట్టు మీద ఏ వేళ ఉంటే ఆ వేళకు వెళ్ళి ఎక్కడం, దిగడం తప్ప ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎప్పుడూ ఆలోచించలేదు. "పోయి వచ్చేదాకా ప్రతి కదలికకూ టైము రాసి పెట్టు, చూద్దాం" అన్నారు నాన్న. అలా మొదలైంది ఈ పని.

నిజానికి నేను వెళ్తున్నది గోంగూర పచ్చడి అందజేయడానికి. మా పిన్ని కూతురు లిస్బన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ఆ నెలలో ఇండియా నుంచి వచ్చిన స్నేహితుడి చేత అమ్మ రెండు సీసాలు పంపింది. ఒకటి నాకు, ఒకటి దానికి. పార్సిలు చేస్తే సీసా పగులుతుందని భయం, చూసి చాలా కాలమైందన్న సాకు, నవంబరులో మూడు రోజుల సెలవు, అన్నీ కలిసి వచ్చాయి.

ముందు దూరం సంగతి తేల్చాలనుకున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లిస్బన్ ఎంత దూరం అని వెతికితే ఒక్కోచోట ఒక్కో అంకె కనిపించింది. ఒకచోట 1,863 కిలోమీటర్లు, ఒకచోట 1,847, ఒకచోట 997, ఇంకోచోట 2,250. చూడగానే తిక్క పుట్టింది గానీ, కాసేపు కూర్చుంటే అన్నీ ఒప్పే అని తెలిసింది. నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకు భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చేది 1,863. ఆ దారాన్నే స్కిపోల్ విమానాశ్రయం నుంచి లిస్బన్ విమానాశ్రయానికి లాగితే 1,847. ఆ 1,847నే నాటికల్ మైళ్ళలో చెబితే 997. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, పైలట్లు లెక్క కట్టేది అందులోనే. ఇక 2,250 చిల్లర కారులో వెళ్ళేవాడి దూరం. బెల్జియం, ఫ్రాన్స్, స్పెయిన్ దాటుకుంటూ ఆగకుండా తోలినా ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

నాన్నకు 1,847 చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మన విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు మార్గం 1,750 పైన. దానికన్నా ఓ వంద ఎక్కువ, అంతేగా" అన్నారు. నాకు లిస్బన్ ఎంత దూరమో అప్పుడు ఒంటికి తెలిసింది. చిన్నప్పుడు పాసు మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు బల్హార్షా వచ్చేసరికే విసుగు పుట్టేది. ఆ తరవాత ఇంకా మధ్యప్రదేశ్ అంతా మిగిలి ఉండేది.

ఆ వెంటనే వచ్చిన ప్రశ్న నేను ఊహించిందే. "రైలు లేదా?"

ఉంది, లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ప్యారిస్‌కు యూరోస్టార్‌లో మూడు గంటల ఇరవై నిమిషాల చిల్లర. ప్యారిస్‌లో స్టేషను మారి, స్పెయిన్ సరిహద్దున ఉన్న ఆందాయ్ దాకా టీజీవీ అనే ఫ్రెంచి వేగపు రైల్లో మరో నాలుగున్నర గంటల పైన. అక్కడి నుంచి లిస్బన్‌కు సుద్ ఎక్స్‌ప్రెసో అనే రాత్రి బండి ఉండేది. అది 2020 మార్చిలో కరోనా వేళ ఆగింది, మళ్ళీ కదల్లేదు. మాడ్రిడ్, లిస్బన్ మధ్య నడిచే లూసిటానియా రాత్రి బండి గతీ అదే. ఇప్పుడు రైల్లో వెళ్ళాలంటే మధ్యలో ఎక్కడో పడుకొని, నాలుగైదు బండ్లు మారి, రెండో రోజుకు చేరాలి. ఇదంతా చెప్పాక నాన్న నిట్టూర్చి, "గేజి ఎంత?" అని అడిగారు, అంటే పట్టాల మధ్య వెడల్పు. స్పెయిన్, పోర్చుగల్ పాత లైన్లు ఐరోపాలో చాలా చోట్ల ఉండే 1,435 మిల్లీమీటర్లవి కావు, 1,668 అని చూసి చెప్పాను. ఆయన గొంతులో వెలుగొచ్చింది. "మనది 1,676. ఎనిమిది మిల్లీమీటర్లే తేడా. మన వాళ్ళే!" పోర్చుగల్ మీద ఆయనకు ఆ రోజు కలిగిన అభిమానం ఇప్పటికీ తగ్గలేదు.

ప్రయాణం రోజు ఆమ్‌స్టెల్‌వేన్‌లో మా ఇంటి నుంచి 11.10కి బయటపడ్డాను. ఇక్కడ మన వాళ్ళు చాలామందే ఉంటారు. స్కిపోల్ పక్కనే కాబట్టి బస్సులో పని జరిగిపోతుంది. పచ్చడి సీసాను మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, మూతకు టేపు వేసి, పాత స్వెటర్‌లో పెట్టి పెట్టెలో దూర్చాను. చేతి సామానులో పెట్టకూడదా అని అమ్మ అడిగింది. గోంగూర గట్టిగానే కనబడుతుంది గానీ పైన నూనె తేలుతుంది. తనిఖీ దగ్గర అది ద్రవం కిందికే వస్తుంది, ద్రవం 100 మిల్లీలీటర్లు దాటకూడదు. చెత్తబుట్టలో పడుతున్న పచ్చడి సీసాను కళ్ళారా చూసినవాణ్ణి నేను. ఎవరిదో తెలియదు, మాగాయ వాసన వచ్చింది. అందుకే పెట్టెకు వేరే డబ్బు కట్టాను. ఆ డబ్బుతో లిస్బన్‌లో మూడు పూటలు భోంచేయవచ్చు.

రెండు దేశాలూ షెంగెన్ లోపలివే, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల కూటమిలోవే కాబట్టి పాస్‌పోర్టు మీద ముద్రలూ, ఆ వరసలూ లేవు. అయినా పాస్‌పోర్టు, ఇక్కడి నివాస కార్డు రెండూ జేబులో పెట్టుకొనే తిరుగుతాను. అడగరు. అడిగిన రోజున లేకపోతే మాత్రం ఆ రోజు గడవదు.

గేటు దగ్గర కూర్చున్నాక నాన్న ఇంకో సందేశం పెట్టారు: "ఎం.ఎస్.ఎల్. ఎంత?" మన స్టేషను బోర్డుల మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది కదా, అది. చూసి నవ్వొచ్చింది. స్కిపోల్ ఎత్తు మైనస్ మూడు మీటర్లు. అది ఒకప్పటి హార్లెమ్మర్‌మేర్ చెరువు అడుగు. 1852 నాటికి ఆ నీళ్ళన్నీ తోడి పారేసి నేల చేశారు. లిస్బన్ విమానాశ్రయం 114 మీటర్ల ఎత్తున ఉంది. అంటే పోవడమే మెరకకు, 117 మీటర్లు. నాన్న అన్నదానికి సరిగ్గా తిరగబడింది. ఆయన ఒక్క మాటే పంపారు: "నోటెడ్."

13.50 దాటింది. మేమంతా విమానంలో కూర్చున్నాం, తలుపులు వేశారు, విమానం కదల్లేదు. కెప్టెన్ మైకులో చెప్పాడు: దారిలో ఒక గగనతల భాగంలో రద్దీ ఉంది, మనకు ఇచ్చిన స్లాటు 14.35, అంతవరకు ఇక్కడే. ఐరోపా ఆకాశంలో ఎన్ని దేశాలున్నా, ఏ విమానం ఎప్పుడు నేల విడవాలో రద్దీని బట్టి సర్దేది ఒకే చోట, బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్‌లో. ఇచ్చిన వేళకు అయిదు నిమిషాలు ముందు నుంచి పది నిమిషాలు తరవాత వరకు లేవొచ్చు. ఆ గడువు దాటితే మళ్ళీ కొత్త స్లాటు కోసం అడుక్కోవాలి. ఫోను ఇంకా పనిచేస్తోంది కాబట్టి నాన్నకు చెప్పాను. "లైన్ క్లియర్ రాలేదన్నమాట" అన్నారు. రెండు పేరాల్లో నేను చెప్పిందానికి ఆయనకు రెండు మాటలు చాలాయి.

పక్క సీటాయన తనకు నష్టపరిహారం వస్తుందా అని ఫోనులో వెతకసాగాడు. ఇక్కడ కూడా దూరమే లెక్క. ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధన ప్రకారం గమ్యం చేరడం మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు, సమాఖ్య లోపల అంతకన్నా దూరమైతే 400. ఆ దూరం కొలిచేది కూడా భూగోళం మీద దారం లాగిన లెక్కలోనే. మాది 1,847 కాబట్టి 400 జాబితా. కానీ ఇలా గగనతల రద్దీ లాంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు సాధారణంగా డబ్బు రాదు. పైగా మా ఆలస్యం అరగంట. ఆయన నిరాశగా ఫోను లోపల పెట్టుకున్నాడు.

14.19కి విమానాన్ని వెనక్కు నెట్టారు. ఆ అంకె రాసుకున్నాను. ఆ తరవాత నడక మొదలైంది. నడక అనే అనాలి. స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అని ఒక రన్‌వే ఉంది. 2003లో తెరిచారు, పొడవు 3.8 కిలోమీటర్లు. ఊళ్ళకు మోత తగలకుండా దూరంగా కట్టారు. ఎంత దూరమంటే, అక్కడికి వెళ్ళడానికి విమానం ఒక మోటారు రహదారి మీద వంతెన దాటుతుంది. కిటికీలోంచి కిందికి చూస్తే కార్లు మన రెక్క కింద నుంచి పోతూ ఉంటాయి. పొలాలు వస్తాయి, కాలవ వస్తుంది. కొత్తవాళ్ళు రోడ్డు మార్గాన లిస్బన్ తీసుకుపోతున్నారేమోనని బెంగ పెట్టుకుంటారు. మావాడు పందొమ్మిది నిమిషాలు దొర్లి 14.38కి నేల విడిచాడు. అదీ ఉత్తరానికి ముఖం పెట్టి. పోల్డర్‌బాన్ మీద లేచే విమానాలు ఉత్తరం వైపే లేవాలి. నైరుతికి పోవాల్సిన బండి ముందు ఉత్తరానికి పోయి, గాలిలో వెనక్కు తిరిగింది.

టికెట్టు మీది గంటల గుట్టు ఇక్కడే ఉంది. దాన్ని బ్లాక్ టైం అంటారు. గాలిలో ఉన్న సమయం కాదది. చక్రాల అడ్డు దిమ్మెలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్ళో నిలిచి మళ్ళీ దిమ్మెలు పెట్టేదాకా. అందులో ఈ నేల మీది నడకలున్నాయి, వరసలో ఆగడాలున్నాయి, పైన కొంచెం దిట్టం, అంటే ఆలస్యాల కోసం ముందే కలిపి ఉంచే నిమిషాలు కూడా ఉన్నాయి. ఆ దిట్టం మాట నాన్నకు తరవాత చెబితే ఆశ్చర్యపోలేదు. మన టైంటేబుల్లో కూడా అంతేనట. చివరి స్టేషనుకు ముందున్న ముక్కకు అదనపు నిమిషాలు కలుపుతారు. దారిలో ఎంత ఆలస్యమైనా గమ్యానికి వేళకు చేరినట్టు కనబడాలి. "అందుకే గంట దూరానికి రెండు గంటలు చూపిస్తుంది. జనం తప్పనుకుంటారు. తప్పు కాదు, తెలివి" అన్నారు.

చిన్న దూరాల విమానాల్లో సీటు ముందు తెర ఉండదు. కానీ ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పనిచేస్తుంది. అది ఉపగ్రహాల నుంచి వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. ముందే పటం దించుకొని, కిటికీ సీటు తీసుకొని, అద్దానికి ఫోను ఆనించి పట్టుకుంటే నీలం చుక్క కదులుతుంది. బెల్జియం వచ్చింది, ఉత్తర ఫ్రాన్స్ వచ్చింది. వేగం చూస్తే గంటకు 740 కిలోమీటర్లు. ఎత్తు పదకొండు వేల మీటర్లు. ఈ రకం విమానం ఆ ఎత్తులో 830 దాకా పోవాలి. మిగతా తొంభై ఏమైనట్టు? గాలి తినేసింది. ఈ అక్షాంశాల్లో పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. జెట్ స్ట్రీమ్ అనే గాలి నది అది. గంటకు 160 కిలోమీటర్లు దాటడం మామూలే. మా దారి నైరుతికి కాబట్టి పూర్తిగా ఎదురు కాకపోయినా ఏటవాలుగా మొహాన కొడుతుంది. గోదావరిలో ఎదురీదే పడవలా, నీళ్ళలో ఎంత వేగంగా తెడ్డు వేసినా ఒడ్డున ఉన్నవాడికి నెమ్మదిగానే కనిపిస్తాం.

నాన్న అడిగిన పది నిమిషాలు దొరికాయి. విమాన సంస్థలకు ప్రతి రోజూ గాలి ఎంతో ముందే తెలియదు. ఏళ్ళ తరబడి చూసిన సగటు మీద పడమటి ప్రయాణానికి అయిదు నిమిషాలు ఎక్కువ, తూర్పు ప్రయాణానికి అయిదు తక్కువ వేసి టికెట్టు అచ్చు వేస్తారు.

బిస్కే అఖాతం మీద మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. స్పెయిన్ ఉత్తర తీరం దగ్గర మబ్బు విడిపోయి కొండలు బయటపడ్డాయి. గడియారంలో ఆమ్‌స్టర్‌డామ్ వేళ అయిదు కావస్తోంది. ఇంటి దగ్గర ఈపాటికి దీపాలు వేసి ఉంటారు. నవంబరులో అక్కడ నాలుగూ ముప్పావుకే సూర్యుడు దిగిపోతాడు. మా కిటికీలో మాత్రం ఎండ ఇంకా రెక్క మీద పడుతూనే ఉంది. సూర్యుడి వెంట పడి పోతున్నాం, ఆయన మాకంటే కొంచెం వేగం, అంతే.

లిస్బన్ వచ్చినా దిగలేదు. అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది, విమానం గాలికి ఎదురుగా దిగాలి. ఉత్తరం నుంచి వచ్చిన మేము నగరాన్ని పక్కన పెట్టి, తేజో నది దాటి దక్షిణానికి పోయి, మళ్ళీ ఉత్తరానికి తిరిగి, నది మీదుగా ఊరి పైకప్పులను తడుముకుంటున్నట్టు దిగాం. బయలుదేరిన చోటా తప్పు దిక్కే, చేరిన చోటా తప్పు దిక్కే. నా ఫోను లెక్క ప్రకారం గాలిలో తిరిగింది సుమారు 1,980 కిలోమీటర్లు. దారం లెక్క కన్నా 130 ఎక్కువ. ఎడమ వైపు కూర్చుంటే బాగుండేదని అప్పుడనుకున్నా లాభం లేదు. 1966లో కట్టిన ఎర్ర వేలాడే వంతెన అటువైపు వాళ్ళకు కనిపించింది. నాకు కనిపించింది వాళ్ళ మెడలు.

16.27కి చక్రాలు నేలను తాకాయి. 16.34కి ఆగింది. అక్కడి గడియారం ప్రకారం ముప్పై తొమ్మిది నిమిషాలు ఆలస్యం. పెట్టె తీసుకొని, మెట్రో ఎర్ర లైను ఎక్కాను. ఆ విమానాశ్రయం స్టేషను గోడల నిండా పోర్చుగల్ ప్రముఖుల వ్యంగ్య చిత్రాలు ఉంటాయి. ఒక్కరినీ గుర్తు పట్టలేకపోయినా చూస్తూ నిలబడి ఒక బండి వదిలేశాను. అలమెడాలో లైను మారి, అరోయిష్‌లో దిగి, అయిదో అంతస్తుకు పెట్టె మోసుకుంటూ ఎక్కి తలుపు కొట్టేసరికి అక్కడ 17.50. నా చేతి గడియారంలో ఇంకా 18.50. ఇంటి గడప నుంచి గడపకు ఏడు గంటల నలభై నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. విమానం ఎక్కానంటే ఎవరూ నవ్వరు గానీ, నేను ఎక్కువగా చేసింది కూర్చోవడం, నిలబడడం, నడవడం.

"పగల్లేదు కదా అన్నయ్యా?" అంది చెల్లెలు, నన్ను కాదు, పెట్టెను చూస్తూ.

పగల్లేదు. స్వెటర్‌కు మాత్రం కొంచెం నూనె అంటింది. మూడు సంచులు దాటి ఎలా వచ్చిందో ఆ గోంగూరకే తెలియాలి.

ఆ రాత్రి భోంచేస్తూ గడియారాల గురించే మాట్లాడుకున్నాం. చెల్లెలు ఉండే ఇంటి పెద్దావిడ ఒక సంగతి చెప్పిందట. 1992 నుంచి 1996 దాకా పోర్చుగల్ కూడా తన గడియారాన్ని మధ్య ఐరోపాతో కలిపేసింది. అంటే ఆ రోజుల్లో నా టికెట్టు మీద పోవడానికీ రావడానికీ మూడు మూడు గంటలే కనిపించేవి, నాన్న ఫోనే చేసేవారు కాదు. కానీ చలికాలంలో లిస్బన్‌లో దాదాపు తొమ్మిదికి గానీ తెల్లవారేది కాదు. పిల్లలు చీకట్లో బడికి పోయేవాళ్ళు. ఆవిడ అప్పుడు బడి పంతులమ్మ, మొదటి గంటలో సగం మంది నిద్రపోయేవారట. నాలుగేళ్ళకే వదిలేశారు.

అటు నెదర్లాండ్స్ కథ ఇంకా తమాషా. 1940 దాకా వాళ్ళకు సొంత గడియారం ఉండేది, గ్రీనిచ్ కన్నా ఇరవై నిమిషాలు ముందు. జర్మన్లు ఆక్రమించిన ఆ మే నెలలో బెర్లిన్ వేళ పెట్టారు. యుద్ధం అయిపోయింది, జర్మన్లు పోయారు, వేళ ఉండిపోయింది. నిజానికి రెండు నగరాల మధ్య పధ్నాలుగు డిగ్రీల రేఖాంశం తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున యాభై ఆరు నిమిషాలు. గడియారాల తేడా గంట. అంటే ఇద్దరి గడియారాలూ ఎవరి సూర్యుడికి వాళ్ళవి సరిపోకపోయినా, తేడా మాత్రం ఇంచుమించు సూర్యుడి లెక్కకే వచ్చి కూర్చుంది. మనకు ఈ బాధ లేదు. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను పట్టుకొని దేశమంతటికీ ఒకే వేళ. అరుణాచల్ వాళ్ళు మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడిందని గోల పెడితే అది వేరే సంగతి.

మర్నాడు బెలేమ్ వెళ్ళాం. వాస్కో డ గామా 1497 జులైలో ఓడలెక్కింది అక్కడి నుంచే. కాలికట్ చేరింది 1498 మేలో, పది నెలలకు. అక్కడి నుంచి అమ్మకు వీడియో కాల్ చేస్తే నదిని చూసి మెచ్చుకోకుండా, "మీ ఊరి డచ్చి వాళ్ళేగా మా బందరు వచ్చింది" అంది. అమ్మ పుట్టిల్లు బందరు. డచ్చి వాళ్ళు 1605లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద చెక్కిన ఓడలనూ పుర్రెలనూ చూసి భయపడ్డట్టు అమ్మ చెబుతుంది. మసాలా దినుసుల కోసం లిస్బన్ వాళ్ళూ ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళూ నెలల తరబడి ఓడల్లో మన దిక్కుకు వచ్చారు. నేను గోంగూర పట్టుకొని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లిస్బన్ వచ్చాను. అమ్మకు ఇందులో వింతేమీ కనిపించలేదు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా లేదు. అన్నీ సవ్యంగా జరిగిన ప్రయాణంలో కథ ఉండదు. 17.03కి, రెండు నిమిషాలు ముందే విమానాన్ని వెనక్కు నెట్టారు. 17.16కి లేచింది. ఆ వేళకు లిస్బన్‌లో సూర్యుడు దిగబోతున్నాడు. ఈసారి ఆయనకు ఎదురు దిక్కు కాబట్టి పావుగంటలో చీకటి పడింది. పోయేటప్పుడు అంతసేపు సాగిన సాయంత్రాన్ని వచ్చేటప్పుడు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టయింది. ఫ్రాన్స్ మీద నీలం చుక్క పక్కన వేగం చూశాను. 924. వెనక నుంచి గాలి తోస్తోంది. అదే ఇంజను, అదే ఎత్తు, మూడు రోజుల కిందటి కన్నా గంటకు 180 కిలోమీటర్లు ఎక్కువ. గాలిలో గడిచింది రెండు గంటల పదహారు నిమిషాలే. పోయేటప్పటి కన్నా ముప్పై మూడు నిమిషాలు తక్కువ. టికెట్టు చూసినవాడు మాత్రం రావడానికే రెట్టింపు సమయం పట్టిందనుకుంటాడు.

దిగింది మళ్ళీ పోల్డర్‌బాన్ మీదే, 20.32కి. మళ్ళీ పొలాలు, కాలవ, మోటారు రహదారి, చీకట్లో రెక్క కింద కార్ల దీపాలు. 20.49కి నిలిచింది. టికెట్టు వేళకు పదకొండు నిమిషాలు ముందు.

ఇంటికి వచ్చి అన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఫొటో తీసి నాన్నకు పంపాను. మర్నాడు పొద్దున ఫోను చేశారు. తన డైరీలో గీతలు గీసి ఎక్కించుకున్నారట. వరస ప్రకారం చదివి వినిపించారు: దూరం 1,847. బయలుదేరవలసినది, బయలుదేరినది, చేరవలసినది, చేరినది. పోయేదాని పక్కన కారణం గడిలో "లైన్ క్లియర్" అని రాశారు. వచ్చేదాని పక్కన "వెనక గాలి". అంతా చదివి ఆగారు.

"ఇందులో ఒకటి తేలలేదురా. నేల మీదికి 20.32కి వచ్చింది. నిలిచింది 20.49కి. పదిహేడు నిమిషాలు. అదంతా నడకేనా?"

"నడక పదమూడు నిమిషాలే నాన్నా. గేటులో ఇంకో విమానం ఉంది. అది వెళ్ళేదాకా బయట నాలుగు నిమిషాలు ఆపారు."

"అదీ!" అన్నారు నాన్న. ఆయన గొంతులో పాత స్టేషను గది వినిపించింది. "ముందొచ్చిన బండికి ప్లాట్‌ఫారం ఎక్కడ దొరుకుతుంది? అవుటర్‌లో నాలుగు నిమిషాలు. ఉండు, రాసుకోనీ."